ఎర్ర పెన్ను చుట్టిన తేదీలు

మానవపాడు,
19 సెప్టెంబర్ 2024

చిన్నమ్మా,

నీతో ఫోన్లో మాట్లాడటం ఇక నావల్ల కాదు. నేను ఏం చెప్పినా "ఆఁ ఆఁ" అంటావు. పోయిన నెల అఖిలకు జ్వరం వచ్చిందని చెబితే "మంచిదే బిడ్డా, మంచిదే" అన్నావు. నీ చెవులను అని లాభం లేదు. పైగా మా ఇంట్లో ఫోన్ పట్టుకుంటే నీకు వినబడనిది మా వాడకట్టంతా వింటుంది. అందుకని కవర్లు తెప్పించుకున్నాను. నాగర్‌కర్నూల్ బాలికల హాస్టల్, స్టోరు కాంతమ్మ అని రాస్తే చేరుతుందని అమ్మ చెప్పింది.

అందరం బాగున్నాం. అఖిలకు ఆగస్టులో మూడేళ్ళు నిండాయి. మీ అల్లుడు కురుమూర్తి రెండెకరాల్లో సీడు పత్తి వేశాడు. ఇప్పుడు క్రాసింగ్ నడుస్తోంది. సాయంత్రం మొగ్గలు గిల్లి పెట్టాలి, పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కోదానికి రాయాలి. మొక్క నడుము ఎత్తు ఉంటుంది, మనం నడుము వంచాలి. మూడు రోజుల నుంచి నేనూ పోతున్నాను.

అఖిలకు మూడేళ్ళు నిండాయంటే నా కడుపు మీది కోతకూ మూడేళ్ళు నిండినట్టే. అది ఇంకా నొస్తోంది చిన్నమ్మా. పైకి చూస్తే ఏమీ లేదు, గీత తెల్లబడింది. చీర కుచ్చిళ్ళు దోపితే మాత్రం ప్రాణం పోతుంది. అఖిల వచ్చి ఒళ్ళో దూకితే తోసేస్తున్నాను. నిన్న అలాగే తోస్తే, పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మా అత్త జములమ్మేమో కాన్పప్పుడు నా వెన్నుకు ఇచ్చిన సూది వల్ల అంటుంది. పక్కింటి యాదమ్మ మాత్రం "నెల దినాలు నడికట్టు గట్టిగ కట్టకపోతిరి, కడుపుల గాలి సొచ్చింది" అంటుంది. పచ్చి కోత మీద నడికట్టు కట్టొద్దని అప్పుడు అమ్మకు చెప్పింది నువ్వే కాబట్టి ఈ ఇంట్లో నువ్వు కూడా ముద్దాయివే. ఊళ్ళో డాక్టరు గ్యాస్ అని గోలీలు ఇచ్చాడు. గ్యాస్ పోయింది, నొప్పి పోలేదు.

నీకూ పెద్ద ఆపరేషనే కదా అయింది. ఇన్నేళ్ళు నొప్పి ఉంటుందా? నిజం రాయి.

ఈ రోజు వంట పని నాది కాదు. అరుగు మీద కూర్చుని ఇంత రాయగలిగాను.

నీ
తేజస్విని


నాగర్‌కర్నూల్,
28 సెప్టెంబర్ 2024

తేజా,

ఉత్తరం అందింది. నేను ముద్దాయినని తెలిసింది. యాదమ్మకు నా నమస్కారం చెప్పు. పచ్చి కోత మీద గుడ్డ బిగిస్తే చీము పడుతుంది. పడలేదు కదా, అది నా పుణ్యమే.

కుచ్చిళ్ళు కిందికి కట్టుకోకు, నైటీ వేసుకో. అత్త ఏమన్నా అంటే హాస్టల్ పిల్లలకు ఇచ్చేవి రెండు పంపిస్తాను, ప్రభుత్వం వారివి అని చెప్పు, నోరు మూస్తుంది. బరువు ఎత్తకు. బిడ్డను తోయకు, పక్కన కూర్చోబెట్టుకో.

నొప్పి కోతంతా ఉందా, ఒకచోటేనా? వేలు పెట్టి చూపించగలవా? చూసి రాయి.

ఇక్కడ రెండో చెవి కూడా మానేసింది. ఒక రకంగా హాయిగానే ఉంది. నూట అరవై మంది పిల్లలు పొద్దున్నే బకెట్ల కోసం కొట్టుకుంటారు, నాకు పెదవులు ఆడటం మాత్రం కనిపిస్తుంది.

కాంతమ్మ


మానవపాడు,
17 అక్టోబర్ 2024

చిన్నమ్మా,

నైటీల సంగతి చెబితే మా అత్త నోరు మూయలేదు, తనకూ ఒకటి కావాలంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు, నొప్పీ లేదు. నాకే సిగ్గేసింది. నిన్నటి నుంచి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు దొరికింది. కోతకు ఎడమ చివర, లోపల, చింతగింజంత గట్టిగా ఉంది. దాన్ని ముట్టుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. మిగతా కోత ఎంత నొక్కినా ఏమీ కాదు.

పొద్దున చేనులో కూర్చుండిపోయాను. మా అత్త అందరి ముందూ అంది: "చేన్ల అడుగు పెడితే నొప్పి, పొయ్యికాడ కూసుంటే ఉండదు. గిదేం నొప్పి పిల్లా, పని జూసి వస్తదా?"

కోపం వచ్చింది గానీ ఆమె చెప్పింది నిజమే. నెలలో చాలా రోజులు ఇంట్లో వంట నేనే చేస్తాను, అఖిలను చూసుకుంటాను, బర్రెకు మేత వేస్తాను. అప్పుడు ఏమీ ఉండదు. చేనుకు పోయిన రోజుల్లోనే వస్తోంది. నాకే నా మీద అనుమానం పడుతోంది, ఒళ్ళు వంచలేక నేనే దీన్ని తెచ్చుకుంటున్నానా అని. రాత్రి ఆయనకు చెబితే, "బిడ్డ ఉన్నది, మంచిగ తింటున్నవ్. ఊకె కడుపు పట్టుకుంటే ఏమొస్తదే?" అన్నాడు. చెడ్డగా అనలేదు, నిద్రమత్తులో అన్నాడు. అయినా అన్నాడు.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. నీకు నొప్పి ఉండేదా?

తేజస్విని


నాగర్‌కర్నూల్,
30 అక్టోబర్ 2024

తేజా,

ఎంత నొక్కినా ఏమీ కాదని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూర్చోకు. ఆడ డాక్టరుకు చూపించు. గోలీల డాక్టరుకు కాదు.

మీ అమ్మ సత్యమ్మక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఉత్తరం రాయమని చెప్పు. రాయదు, నాకు తెలుసు.

ఇక్కడ పిల్లలకు పరీక్షలు. ఉంటాను.

కాంతమ్మ


మానవపాడు,
15 నవంబర్ 2024

చిన్నమ్మా,

ఈసారి పెద్ద గొడవే అయింది. పత్తి ఏరడానికి పోయాను. ఒడి కట్టుకున్నాను. ఏరిన పత్తి వేసుకునే ఈ ఒడి ముడి సరిగ్గా కోత మీదికే వస్తుంది. ఏరేకొద్దీ పత్తి బరువుకు అది కిందికి జారి అక్కడే ఒత్తుతుంది. పది గంటలకల్లా ఒడి నిండింది, లేవబోయి సాళ్ళ మధ్యనే పడిపోయాను. లేచి చూస్తే అందరూ నా చుట్టూ ఉన్నారు, మా అత్త నా మొహం మీద నీళ్ళు కొడుతోంది. భయపడింది.

ఆయన అటునుంచి అటే బండి మీద గద్వాలకు, ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు. డాక్టరు నా కడుపు మీద చెయ్యి కూడా పెట్టలేదు. స్కానింగ్ కాగితం చూసి, "గర్భసంచి కొంచెం ఉబ్బింది. తీసేస్తే నొప్పి ఉండదు. ఒక బిడ్డ ఉందిగా" అన్నాడు. బయటికి వచ్చాక ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. నేను నిలబడ్డాను, కూర్చుంటే నొస్తుంది కాబట్టి.

ఇంటికి వచ్చాక మా అత్తే తీర్పు చెప్పింది. నిన్నే సాక్ష్యం తెచ్చింది. "మీ చిన్నమ్మను జూడు. పెద్ద ఆపరేషనాయె, పదకొండు దినాలకే బిడ్డ పాయె, కడుపునొప్పని రెండేండ్లు తిరిగె. సంచి తీసిపిచ్చుకున్నంక ఒక్కనాడన్న మంచం పట్టిందా? నౌకరి చేసుకుంట ఇనుప గుండు లెక్క ఉన్నది." యాదమ్మ కూడా అవునంది. ఆయన నా మొహం చూశాడు.

మా ఇంట్లో నీ పేరు ఇంత గౌరవంగా వినబడటం ఇదే మొదటిసారి.

నిజంగా నీకు తగ్గిందా చిన్నమ్మా? అప్పుడు నీకు నా వయసే కదా. నువ్వు తగ్గిందంటే నేను కళ్ళు మూసుకుని పోతాను.

తేజస్విని


నాగర్‌కర్నూల్,
25 నవంబర్ 2024

తేజా,

తొందరపడకండి. పత్తి అయ్యాక చూద్దామని చెప్పు. ఆపరేషన్ ఎక్కడికీ పోదు.

నా సంగతి వేరు, నీ సంగతి వేరు. నా గురించి ఎవరు ఏం చెప్పినా దాన్ని పట్టుకుని నిర్ణయం చేయొద్దు.

చలి ఎక్కువగా ఉంది. అఖిలకు స్వెట్టర్ అల్లుతున్నాను. చేతుల పొడవు రాసి పంపు.

కాంతమ్మ


మానవపాడు,
12 డిసెంబర్ 2024

చిన్నమ్మా,

స్వెట్టర్ చేతుల పొడవు తొమ్మిది అంగుళాలు.

జనవరి ఇరవయ్యో తేదీ ఖాయం చేశారు. పత్తి అప్పటికి అయిపోతుంది, మిరప ఇంకా మొదలుకాదు. మా ఇంట్లో కడుపు కోయడానికి కూడా పంట చూడాలి.

ఈ నెల కూడా వచ్చింది, నిన్నటి నుంచి. కానీ ఈసారి నాకు ఏమీ అనిపించలేదు. ఇంకో నెల, ఇంతే కదా అనుకున్నాను. పత్తి ఏరుతూ నవ్వుకున్నాను కూడా. యాదమ్మ "పిల్లకు పిచ్చిలేసిందే" అంది.

నీ ఉత్తరం చదివి బాధ వేసింది. నీ సంగతి వేరని రాశావు. వేరు ఎందుకవుతుంది? అదే కోత, అదే నొప్పి. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే వద్దులే.

ఒక్క విషయం నీకే రాస్తున్నాను. ఇంకో బిడ్డ గురించి ఎవరూ ఏమీ అనలేదు. మా అత్త కూడా "మనిషి బాగుంటే సాలు, ఒక్కతే అయితేమాయె" అంది. అది మంచి మాటే, ఆమె నుంచి నేను అనుకోని మాట. కానీ నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే కావాలని చెప్పేదాన్ని. అఖిల పుట్టినప్పుడు నేను స్పృహలో ఉన్నాను గానీ చేతులు కట్టేసి ఉన్నాయి, బిడ్డను దూరం నుంచి చూపించి తీసుకుపోయారు. ఇంకొక్కసారి, చేతులతో అందుకోవాలని ఉండేది. ఇప్పుడు దాని గురించి ఆలోచించడం మానేశాను.

ఇరవయ్యో తేదీకి వస్తావా? అఖిలను నీ దగ్గర పడుకోబెట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నిన్ను చూసే ఒప్పుకున్నాను.

తేజస్విని


నాగర్‌కర్నూల్,
21 డిసెంబర్ 2024

తేజా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చదివాక కురుమూర్తికి ఇవ్వు.

మా హాస్టల్లో ప్యాడ్ల రిజిస్టరు నేను రాస్తాను. ఏ పిల్ల ఏ తేదీన తీసుకుందో రాసి సంతకం పెట్టించాలి. ఏడేళ్ళుగా ఇదే పని. ఎవరైనా కడుపునొప్పని బడి ఎగ్గొడితే వార్డెన్ మేడమ్ నా దగ్గరికి పంపుతుంది. నేను రిజిస్టరు తిప్పి, అది నెల నొప్పో పరీక్ష నొప్పో చెబుతాను. ఇంతవరకు తప్పు పోలేదు.

నాలుగు రోజుల కింద నీ ఉత్తరం మళ్ళీ చదువుదామని రేకు పెట్టె తీశాను. నాలుగు ఉత్తరాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన తేదీలు కనిపించాయి. సెప్టెంబర్ 19. అక్టోబర్ 17. నవంబర్ 15. డిసెంబర్ 12. మధ్యలో ఇరవై ఎనిమిది రోజులు, ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు. చెయ్యి దానంతట అదే ఎర్ర పెన్ను తీసింది.

వంట పని లేనప్పుడే నాకు రాస్తున్నావు. వంట ఎందుకు లేదు? మీ అత్తగారింట్లో ఆ మూడు రోజులు నిన్ను బయట ఉంచుతారు, పొయ్యి ముట్టనివ్వరు. ఇంట్లో పనికి రావు కాబట్టి చేనుకు పంపుతారు. సాయంత్రం అరుగు మీద ఖాళీగా కూర్చుంటావు, ఉత్తరం రాస్తావు. ఆడదానివి కాబట్టి ఆ సంగతి ఉత్తరంలో రాయవు. నేనూ ఆడదాన్నే కాబట్టి అడగలేదు. ఇద్దరం తెలివిగలవాళ్ళమే.

నువ్వు చేనుకు పోయినందుకు నొప్పి రావడం లేదు. నొప్పి వచ్చే రోజుల్లోనే నిన్ను చేనుకు పంపుతున్నారు. పనిదొంగవు కావు. ఈ ముక్క మీ అత్తకు చదివి వినిపించు.

మా పిల్లలను చూడటానికి ఏడాదికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ వస్తుంది. వనపర్తి పెద్ద దవాఖానలో ఉంటుంది. ఆమెకు కాగితం మీద రాసి పంపాను: పెద్ద ఆపరేషన్ అయి మూడేళ్ళు, కోత ఎడమ చివర గింజంత గట్టిగా ఉంది, నెలసరి రోజుల్లోనే నొప్పి. ఆమె వెనుక ఒక్క ముక్క రాసి పంపింది. "నొప్పి ఉన్న రోజే తీసుకురండి. అప్పటిదాకా ఏదీ తీయించొద్దు." నీ లెక్క ప్రకారం జనవరి తొమ్మిది అవుతుంది.

ఇక నువ్వు నాలుగు నెలలుగా అడుగుతున్నది.

నాకు తగ్గలేదు. సంచి తీసిన నెలకే మళ్ళీ వచ్చింది. అదే చోట. మొదట కొత్త కుట్లు అనుకున్నాను. తర్వాత బిడ్డ పోయిన బాధ అన్నారు, అదీ నమ్మాను. ఆపరేషన్ అప్పుడు మీ అమ్మ పన్నెండు రోజులు దవాఖాన వరండాలో నేల మీద పడుకుంది నాకోసం. తల మీద దోమలు కుట్టి కుట్టి దద్దుర్లు లేచాయి. ఇంటికి వచ్చాక, "తగ్గిందా చెల్లే?" అని అడిగింది. ఆ మొహం చూసి తగ్గలేదని ఎలా చెప్పను? తగ్గిందన్నాను. ఒకసారి తగ్గిందన్నాక ఇరవై ఏళ్ళు తగ్గినట్టే ఉండాల్సి వచ్చింది. పిల్లలు పుట్టరని మీ బాబాయి కొల్లాపూర్‌లో ఇంకో ఆమెను చేసుకున్నాడు. అది నీకు తెలుసు. ఇది మాత్రం ఎవరికీ తెలియదు.

నవంబర్‌లో నువ్వు అడిగినప్పుడు నిజం రాయాల్సింది. స్వెట్టర్ చేతుల పొడవు అడిగాను. భయమేసింది తేజా. ఇరవై ఏళ్ళు బాగున్నదాన్ని ఒక్క కాగితంతో ఎలా బాగుండకుండా పోవాలో తెలియలేదు. నా అబద్ధం నీ కడుపు మీదికి వస్తుందని అనుకోలేదు.

తీయించుకోకు. నీ నాలుగు ఉత్తరాలు ఇందులోనే పెడుతున్నాను. డాక్టరమ్మకు చూపించాలి. పోగొట్టకు.

కాంతమ్మ


మానవపాడు,
2 జనవరి 2025

చిన్నమ్మా,

ఈ తేదీ చూసి పరేషాన్ కాకు. ఇవాళ నొప్పి లేదు, వంట చేసే రాస్తున్నాను. అన్నం పొయ్యి మీద ఉంది.

నువ్వు చెప్పినట్టే కురుమూర్తికి ఇచ్చాను. నీ ఉత్తరం ఒక్కటే ఇద్దామనుకున్నాను. ఆయన కవరు దులిపితే నా నాలుగు ఉత్తరాలూ కింద పడ్డాయి. అందులో ఆయన గురించి, ఆయన తల్లి గురించి నేను రాసినవన్నీ ఉన్నాయి కదా. గుంజుకుందామంటే అప్పటికే చదవడం మొదలుపెట్టాడు. నేను బర్రె దగ్గరికి పోయి నిలబడ్డాను.

చాలాసేపటికి వచ్చాడు.

"నేను గిట్ల అన్ననా?" అన్నాడు. "ఊకె కడుపు పట్టుకుంటే ఏమొస్తది అని."

"అన్నవ్."

"ఎప్పుడు?"

"అక్టోబర్ పదిహేడు. పైన రాసి ఉన్నది."

గోడ మీద ఎరువుల దుకాణం వాళ్ళ క్యాలెండర్ ఉంది, పాతది తీసి వేళ్ళతో లెక్కపెట్టాడు. కొత్తదాని మీద జనవరి తొమ్మిదికి గీత పెట్టాడు, ఇరవయ్యో తేదీ కొట్టేశాడు. ఆ రోజు రాత్రి అన్నం సగమే తిన్నాడు. నాకు జాలి వేయలేదు. వేయాలేమో, వేయలేదు.

మా అత్తకు కూడా చదివి వినిపించాడు. పనిదొంగ ముక్క దగ్గర ఆమె లేచి కోళ్ళను గంప కింద కమ్మడానికి పోయింది. అవి అప్పటికే కమ్మి ఉన్నాయి.

నీ ఉత్తరం అమ్మకు చూపించలేదు. అది నువ్వే చెప్పాలి. నీ మీద నాకు కోపం ఉందని రాద్దామనుకున్నాను. నువ్వు నవంబర్‌లోనే రాసి ఉంటే నెల రోజులు నేను అన్నీ వదులుకుని తిరిగేదాన్ని కాదు. కానీ కోపం ఉత్తరం మధ్యలోనే అయిపోయింది. అన్నం అడుగంటుతున్న వాసన వస్తోంది.

తొమ్మిదిన పొద్దున పదింటికి వనపర్తి బస్టాండులో ఉంటాం.

తేజస్విని


మానవపాడు,
6 మార్చి 2025

చిన్నమ్మా,

ఈ రోజు తేదీ చూడు. ఎర్ర పెన్ను తీయి.

నిన్నటి నుంచి బయటే ఉన్నాను. మిరపకాయలు తెంపడానికి పోతున్నాను. ఒడి కట్టుకున్నాను. నిన్న పొద్దున కట్టుకునేటప్పుడు ఇంకాసేపట్లో వస్తుందనుకున్నాను. పది అయింది, పన్నెండు అయింది. అన్నం తిన్నాం. రాలేదు. ఇవాళ కూడా రాలేదు. కోత చివర వేలితో గట్టిగా నొక్కి చూశాను, కొత్త కుట్టు దగ్గర చురుక్కుమంటుంది, అంతే. నేను గట్టిగా నవ్వితే యాదమ్మ ఈసారి ఏమీ అనలేదు. మిరప ఘాటుకు ఎలాగూ అందరి కళ్ళల్లో నీళ్ళే కాబట్టి నా కళ్ళు ఎవరూ చూడలేదు.

పోయిన నెల డాక్టరమ్మ కోసి తీసి చూపించిన ఆ ముక్కను మర్చిపోలేకపోతున్నాను. రేగుపండంత ఉంది. గర్భసంచి లోపలి పొర చిన్న ముక్క, కాన్పుకు కోసినప్పుడు కోతలో చిక్కుకుపోయిందట. సంచితో పాటు అదీ నెలనెలా ఉబ్బుతుంది, నెత్తురు వదులుతుంది, పోవడానికి దారి లేక అక్కడే నొప్పి. లోపల ఉండాల్సినది బయట ఉండిపోయింది. ఆ రోజుల్లో నేను ఉన్నట్టే.

నొప్పి పోయింది గానీ చేను పోలేదు. మా అత్త "ఇప్పుడు మంచిగున్నవ్ గద, ఇంకో సాలు పట్టు" అంది. కానీ నిన్న నేను ఒడి కట్టుకుంటుంటే వచ్చి ముడి విప్పి, చీర చెంగు మెడ మీదుగా తెచ్చి పైకి కట్టింది, బరువు భుజం మీద పడేలా. కట్టి, నా మొహం చూడకుండా పోయింది. ఇవాళ తనదీ అలాగే కట్టుకుంది.

సంచి అలాగే ఉంది. ఏడాది ఆగి ఇంకో బిడ్డను కనొచ్చని డాక్టరమ్మ ఆయనతో చెప్పిందట. రాత్రి ఆయన అడిగాడు, "నీకేమనిపిస్తుందే?" అని. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. అడిగాడు, అది రెండు రోజులు దాచుకోవాలనిపించింది.

ఒకటి అడగాలి. వనపర్తిలో తొమ్మిదో తేదీన మేమంతా బయటికి వచ్చాక, సంచి మరిచిపోయానని నువ్వు మళ్ళీ డాక్టరమ్మ గదిలోకి పోయావు. నీ సంచి నా చేతిలోనే ఉంది. పావుగంట ఉన్నావు. ఏం అడిగావు? ఈసారి స్వెట్టర్ సంగతి రాయకు, స్వెట్టర్ సరిపోయింది.

తేజస్విని


నాగర్‌కర్నూల్,
16 మార్చి 2025

తేజా,

ఎర్ర పెన్ను తీశాను. మార్చి ఆరు చుట్టూ గీసి పక్కన టిక్కు పెట్టాను. ఒడి సంగతి చదివి మీ అత్త మీద నా కేసు కొట్టేశాను. కురుమూర్తికి జవాబు చెప్పే తొందర లేదు, ఇంకో రెండు రోజులు దాచుకో.

డాక్టరమ్మను అడిగింది ఒక్కటే. సంచి తీసేశాక కూడా ఇది వస్తుందా అని. నాకు వినబడదు కదా, చీటీ మీద రాసింది. "అండాశయాలు ఉంటే వస్తుంది. ముడి కోతలో ఉంది, సంచిలో కాదు." నన్ను బల్ల మీద పడుకోబెట్టి నొక్కింది. నాకు కుడి చివర. ఇంకా ఉంది, ఎండిపోయింది. ముట్లు ఆగిపోయే వయసు వచ్చాక అదీ ఆగిపోయిందట, ఇప్పుడు ఏం చేయాల్సిన పని లేదట. కింద ఇంకో ప్రశ్న రాసి పెన్ను నా చేతికి ఇచ్చింది. "ఎన్నేళ్ళు?" నేను ఏమీ రాయకుండా పెన్ను తిరిగి ఇచ్చేశాను.

నీకైతే నెల తెలిసే దారి ఉంది. నాకు సంచితో పాటు అదీ తీసేశారు. నెలసరి లేనిదానికి నెలనెలా నొప్పి అని ఎలా తెలుస్తుంది? ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, పోతుంది అనుకున్నాను.

పోయిన వారం మేడమ్ స్టోరు పైన ఉన్న పాత హాజరు రిజిస్టర్లకు చెదలు పట్టిందేమో చూడమంది. అన్నీ దించాను. నేను చేరిన 2004 నుంచి ఉన్నాయి. నా పేరు వరసలో అక్కడక్కడా ఒక పూట సెలవు ఉంది. ఊరికే లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ఇరవై ఏడు. ఎండాకాలం సెలవులు వస్తే తెగిపోతుంది, మళ్ళీ జూన్‌లో అందుకుంటుంది. 2022 నవంబర్ దాకా ఉంది. తర్వాత నేను ఒక్క పూట కూడా సెలవు పెట్టలేదు.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. నేల మీద కూర్చున్నాను. పిల్లలు వచ్చి సబ్బులు అడిగితే రేపు రమ్మన్నాను. ఎవరి మీద కోపమో వెతికాను. నా కడుపు కోసిన డాక్టరు ఎప్పుడో చనిపోయాడు. మీ బాబాయి మొహం కూడా అంతగా గుర్తుకు రాలేదు.

సెలవుకు కారణం రాసే గడి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళూ అందులో "సొంత పని" అని రాశాను, నా చేత్తోనే. ఒక్కసారి కడుపునొప్పి అని రాసి ఉంటే, మేడమ్‌లలో ఎవరో ఒకరు తేదీలు చూసేవాళ్ళేమో. మీ అమ్మకు నెలకొక ఉత్తరం రాసి ఉంటే ఆమె అయినా చూసేది. చదువు తక్కువైనా ఆమెకు లెక్కలు వచ్చు. వచ్చే ఆదివారం అక్క దగ్గరికి పోతున్నాను. అప్పుడు తగ్గలేదని చెబుతాను.

ఆ తేదీల చుట్టూ ఏమీ గీయలేదు. రిజిస్టరు ప్రభుత్వానిది. చెదలు లేవని చెప్పి, మళ్ళీ కట్ట కట్టి పైన పెట్టాను.

కాంతమ్మ